ఫోను చేసినవాళ్లకే సంగటి

సుజాతమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని చిక్కబళ్లాపురం తాలూకా కచేరిలో అందరికీ తెలుసు. ఆమె బల్ల ముందు నిలబడి ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగిన రైతు మూడోసారి అడిగిన పాపాన పోడు. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి తన మేడమీద గది కిటికీ వదలకుండా నిలబడి, తిండి తెచ్చే బండి వీధి మలుపులో ఎప్పుడు కనబడుతుందా అని చంటిపిల్లలా కాచుకుని ఉంటుందని మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్క వీణకు తప్ప.

వీణ కింది వాటాలో అద్దెకుండే స్కూలు టీచరు. యాప్ ఆమె ఫోనులో ఉంది, పేరూ ఆమెదే, తిండి మాత్రం సుజాతమ్మది. "నీ ఫోనులోనే వేసుకోవచ్చు గదక్కా" అని వీణ ఒకసారి అంటే, "నాకు ఆ యాపులూ గీపులూ చేతకావు" అంది సుజాతమ్మ. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఊరందరి భూముల పత్రాలు తీసిచ్చే మనిషి చెప్పాల్సిన మాటేనా అది? వీణ మర్యాదస్తురాలు కాబట్టి నవ్వి ఊరుకుంది.

అసలు సంగతి వేరు. ఆ రాగిసంగటి, దాంట్లోకి పితికిపప్పు సారు అనే పులుసు వచ్చేది ఊరికి ఆ పక్కన, రైలు స్టేషను దారిలో ఉన్న 'హనుమక్క సంగటి' నుంచి. హనుమక్క సుజాతమ్మకు తోడబుట్టిన అక్క. అక్కాచెల్లెళ్లకు ఏడేళ్లుగా మాటల్లేవు.

వాళ్లది బాగేపల్లి పక్కన పల్లె. అమ్మ పోయేనాటికి సుజాతకు ఊహ కూడా తెలియదు. అప్పటికి పరికిణీ కట్టే వయసులో ఉన్న అక్కే అమ్మయింది. పెళ్లయి చిక్కబళ్లాపురం కాపురానికి వస్తూ చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. కోడలు సారెతో పాటు చెల్లెల్ని తెచ్చుకుందని వీధి వీధంతా నవ్వినా పట్టించుకోలేదు. తినిపించింది, చదివించింది, కచేరిలో కుర్చీ ఎక్కేదాకా వెంటపడింది. సుజాత పెళ్లొద్దంటే దానికీ సరేనంది. తర్వాత భర్త వెంకటరాయప్ప పోయాడు. చేతులు ముడుచుకుని కూర్చోవడం హనుమక్కకు తెలియని విద్య. ఇంటి ముందుగదిలో పొయ్యి పెట్టి, సంగటీ సారూ పార్సళ్లు కట్టి అమ్మడం మొదలుపెట్టింది. వారం తిరక్కముందే కచేరి వాళ్లంతా అక్కడ వాలారు. "సుజాతమ్మా, మీ అక్క సారు తింటే ఇంకోటి సయించదు" అని వాళ్లు మనసారా మెచ్చుకుంటుంటే ఈమెకది ఎత్తిపొడుపులా వినబడింది. చెవులకేం రోగమో మరి!

ఆ ఉక్రోషం ఇంట్లో కూర్చుని దిగమింగుకోవచ్చు కదా? లేదు. మంచి గిరాకీ వేళ చూసుకుని వెళ్లి, పదిమంది నిలబడి ఉండగా అక్క మీద విరుచుకుపడింది.

"ఇంత చదివించి కచేరిలో కూర్చోబెట్టింది ఇందుకేనా? నా ఆఫీసోళ్లంతా వచ్చి నీ కాడ పార్సల్ కట్టించుకుంటాండారు. నేను తలెత్తుకోని తిరగల్లా వద్దా?"

హనుమక్క సంగటి కెలుకుతున్న కట్టె కింద పెట్టలేదు. "తలెత్తుకోలేకుంటే వంచుకోని తిను. ఈ చేతి కూడు తినే నువ్వు ఇంత అయినావు."

"అట్లనా? ఇంక నీ చేతి కూడు ముడితే ఒట్టు! నీ మీద ఒట్టు!"

నోరు జారిపోయింది. పార్సళ్ల కోసం వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుజాత గిరుక్కున తిరిగి వచ్చేసింది.

తన మీద తాను పెట్టుకున్న ఒట్టయితే సుజాతమ్మ నెల్లాళ్లకే తప్పి, లెంపలు వేసుకుని, అక్క వాకిట్లో కంచం ముందు కూర్చునేది. పెట్టింది అక్క మీద. తప్పితే తగిలేది అక్కకు. కచేరిలో ఎన్ని ఫైళ్లు తిరగేసిన మనిషయినా, ఆ ఒక్క విషయంలో ఆమె బాగేపల్లి పల్లెపిల్లే. తాను ఒక ముద్ద మింగితే అక్కకు ఎక్కడ ఏమవుతుందోనన్న భయం ఆమెను పట్టుకుని వదల్లేదు. లోకం దాన్ని పంతం అనుకుంది. అనుకోనీ అని ఈమె కూడా పంతం మొహమే పెట్టుకు తిరిగింది. భయమని చెప్పుకోవడం కన్నా అదే నయమనిపించింది.

చింతామణికి బదిలీ అయితే ఎగిరి గంతేసి వెళ్లింది. చుట్టాలెవరైనా అక్క మాటెత్తితే లేచి వెళ్లిపోయేది. "ఆమె పేరు నా ముందర ఎత్తొద్దండి" అని తెగేసి చెప్పింది. పోనీలెమ్మని వాళ్లూ ఎత్తడం మానేశారు. అక్కడున్నన్నాళ్లూ తోటి ఉద్యోగి ఒకావిడతో కలిసి మురుగమల్ల దర్గాకు పోయొచ్చేది. అందరూ ఏవేవో మొక్కుకుంటుంటే ఈమె మాత్రం "మా యక్క చల్లగుండల్ల సామీ" అని ఒకే మాట అడిగి బయటికొచ్చేది. ఏం మొక్కుకున్నావని ఆవిడ అడిగితే ప్రమోషన్ కోసమని చెప్పేది.

మళ్లీ చిక్కబళ్లాపురానికి బదిలీ అయి వచ్చాక అసలు బాధ మొదలైంది. చింతామణిలో ఉండగా దూరం దూరంగానే ఉండేది. ఇప్పుడు ఒకే ఊళ్లో ఉండి, ఆటో రైలు స్టేషను వైపు తిరిగితే చాలు, అక్కడే దిగిపోయేది. దారి మార్చుకుని తిరిగింది. ముఖ్యంగా చలికాలంలో, అనపకాయలు బజారుకొచ్చే రోజుల్లో ఆమెకు మహా కష్టంగా ఉండేది. గింజలు నానబెట్టి ఒక్కొక్కటే వేళ్లతో పితికితే పొట్టు ఊడి పప్పు జారుతుంది. అదే పితికిపప్పు. అక్క పక్కన కూర్చుని పితికిన పప్పులు, ఆ మసాలా వాసన, చలికి పొగలు కక్కే సంగటి తలచుకుంటే నోరూరి, ఆ వెంటనే కళ్లలో నీళ్లు ఊరేవి.

అప్పుడే ఒక ఆదివారం వీణ ఫోనులో ఏదో వెతుకుతూ, "అక్కా, ఈ హనుమక్క సంగటి ఎట్లుంటుందో, తెప్పించేదా?" అని అడిగింది.

సుజాతమ్మ బుర్ర చకచకా పనిచేసింది. ముట్టనన్నది అక్క చేతి కూడు. ఈ కూడు అక్క చేతినుంచి రావడం లేదు. అక్క సంచీలో పెడుతుంది, సంచీ ఎవరో బండి అతను తెస్తాడు, అతని చేతినుంచి వీణ తీసుకుంటుంది, వీణ చేతినుంచి తాను తీసుకుంటుంది. మధ్యలో ఇన్ని చేతులు మారాక ఒట్టుకు దారి తెలుస్తుందా? ఏ కోర్టులో పెట్టినా నిలిచే వాదన! ఫోను చేసి చెబితే గొంతు గుర్తుపడుతుంది, వెళ్లి తెచ్చుకుంటే మొహం గుర్తుపడుతుంది. యాప్‌కు గొంతూ లేదు, మొహమూ లేదు. ఆ యాప్ కనిపెట్టిన పుణ్యాత్ముడెవరో వాడి కడుపు చల్లగుండాలని దీవించుకుంది.

"తెప్పించు" అంది. అంతటితో ఊరుకుంటే సుజాతమ్మ ఎలా అవుతుంది? కింద ఏమైనా చెప్పాలంటే రాయండి అని గడి కనబడేసరికి, వీణ చేతిలోంచి ఫోను లాక్కుని, 'పితకని గింజలు కొన్ని వేయండి' అని తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసింది. పేరు మాత్రం వీణదే కదా, ఇంకేం భయమని ధీమా.

ఆ పార్సిల్లో పితకని గింజలు గుప్పెడు వచ్చాయి. మరుసటి వారం రాయడం మరిచిపోయింది. అయినా వచ్చాయి. ఆ పై వారమూ వచ్చాయి. యాప్‌లో ఒకసారి రాస్తే అదే గుర్తుపెట్టుకుంటుంది కాబోలని ఈ మహాతల్లి సర్దిచెప్పుకుంది. తలుపు మూసుకుని, కళ్లు మూసుకుని, సంగటి తుంచి సారులో ముంచి మింగుతూ, "అదే చెయ్యి, రవ్వంత కూడా మారలేదు" అనుకునేది. వారంలో ఆరు రోజులు ఆ ఏడో రోజు కోసం బతికింది.

ఈ ఏడు అనపకాయలు మంచి జోరు మీదున్న రోజుల్లో, ఒక ఆదివారం వీణ మొహం వేలాడేసుకుని పైకి వచ్చింది. "అక్కా, ఆ హోటలు యాప్‌లో కనపడేలేదు."

"సరిగా చూడు."

"చూసినా. ఎట్ల వెతికినా లేదు."

సుజాతమ్మ ఫోను లాక్కుని తానూ వెతికింది. కొట్టు మూసేశారా? అక్కకేమైనా అయిందా? తాను తిన్నందుకేనా? ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. తెల్లవారి కచేరిలో, అటెండరు గంగాధరప్పను మాటల్లో పెట్టి, ఏమీ పట్టనట్టు, ఆ స్టేషను దారిలో సంగటి కొట్టు ఉండాదా పోయిందా అని అడిగింది.

"ఉండాదమ్మా, యాడికి పోతాది? యాప్ తీసేసినారంట. ఫోన్ చేసినోళ్లకే సంగటి అని బోర్డు పెట్టినారు. ఎవురు మాట్లాడేది అని అడిగి, పేరు చెప్తేనే కట్టిస్తాండారు. నేను దినామూ చేస్తా" అన్నాడు గంగాధరప్ప. అంత సులువుగా దినామూ చేసే ఆ మనిషి మీద ఈమెకు ఒళ్లు మండిపోయింది.

అక్క బాగుంది, అది చాలు. చాలదని ఆదివారానికి తెలిసొచ్చింది. పొయ్యి ముట్టించబుద్ధి కాలేదు. వీణను పిలిచి, "నువ్వు ఫోన్ చెయ్, నీ పేరే చెప్పు" అని నంబరు గడగడా అప్పజెప్పింది. ఫోనులోంచి ఆ నంబరు ఎప్పుడో చెరిపేసింది గానీ, తలలోంచి చెరిపే ఉపాయం ఆమెకు దొరకలేదు. అటునుంచి గొంతు పెద్దగా వినబడేలా పెట్టి, వీణ ఫోనును మంచం మీద ఉంచింది.

"హలో, ఎవురమ్మా మాట్లాడేది?"

ఏడేళ్ల తర్వాత అక్క గొంతు. మాట కాస్త సాగుతోంది, పెద్దదయింది కదా అనుకుంది సుజాతమ్మ. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను వీణనమ్మా. ఆదివారం ఆదివారం యాప్‌లో తీసుకుంటా ఉంటి."

"ఓ, వీణమ్మా! బాగుండావా తల్లీ? ఒక మాట అడుగుతా చెప్పు. పితకని గింజలంటే నీకు అంత ఇష్టమా?"

వీణ సుజాతమ్మ వైపు చూసింది. సుజాతమ్మ తల గట్టిగా ఊపింది. "చానా ఇష్టమమ్మా" అంది వీణ.

"అట్లనా. పొట్టు ఏం చేస్తావు?"

"పొట్టు... మింగేస్తా."

సుజాతమ్మ నుదురు కొట్టుకుంది.

"పొట్టు మింగేటోళ్లు పితకని గింజలు అడగరమ్మా" అంది హనుమక్క. "నాలుకతో పితికి, ఆ పొట్టు కంచం అంచుకు వరసగా అంటించేది లోకంలో ఒకతే ఉండాది. అడిగేది నువ్వు, తినేది అది. ఇంక అట్ల కుదరదు. నీకు కావల్లంటే చెప్పు, ఇప్పుడే కట్టిస్తా. దానికి కావల్లంటే దాన్నే చేయమను." ఫోను పెట్టేసింది.

వీణకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అంటే, మొదటి దినం నుంచే తెలుసునా ఆమెకు?" అంది.

ఆ గింజలు ఇన్నాళ్లూ అడగకుండా ఎందుకొచ్చాయో సుజాతమ్మకు ఇప్పుడు తెలిసింది. అక్క తనకోసమే యాప్ తీసేసింది. అంటే పిలుస్తోంది. అక్కడ ఫోను పక్కన కూర్చుని పిలుస్తోంది. ఇక్కడ ఈమెకు ఆ ఒట్టు గొంతులో అడ్డంపడి ఉంది.

వారమంతా అదే రంపపు కోత. కచేరిలో ఎవరిమీదా అరవలేదు. ఒంట్లో బాగాలేదా అని అందరూ అడిగారు. మళ్లీ ఆదివారం వచ్చింది. వీణ ఊళ్లో లేదు. డాబా మీదికెక్కి, ఎండలో నిలబడి, నంది కొండకేసి చూస్తూ నంబరు నొక్కింది. అటువైపు వెంటనే ఎత్తారు.

"హలో. ఎవురు?"

సుజాతమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"మాట్లాడకుంటే ఎట్ల కట్టేది? ఏం కావల్ల?"

"ఒక సంగటి" అంది సుజాతమ్మ. "ఒక సారు."

హనుమక్క "పేరు?" అంది.

"సుజాత."

"యాడికి పంపేది?"

"యాడికీ వద్దక్కా." ఇంక ఆగలేదు, ఏడుపు తన్నుకొచ్చింది. "నేను నీ మీద ఒట్టు పెట్టినా గదక్కా. యాప్‌లో వచ్చేది నీ చేతిది కాదులే అని ఎట్లనో తింటి. ఇప్పుడు నీ కాడికే వచ్చి తింటే, నీకేమన్నా అయితే?"

"ఏమంటివి?" హనుమక్క గొంతు మారిపోయింది. "దానికి భయపడి రాలేదా నువ్వు? కోపం అనుకుంటినే నేను! ఏడేండ్లూ నామీద కోపం అనుకుంటినే!"

"భయమే అక్కా."

"తిక్కదానా! నా తలకాయ నాది, దానిమీద ఒట్టు పెట్టేకి నువ్వెవురే? పార్సల్ లేదు, గీర్సల్ లేదు. ఈడికొచ్చి తిను."

సుజాతమ్మ చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకుందో, ఆటో అతను ఎంత అడిగాడో, ఏదీ ఆమెకు తెలియదు. ముందుగదిలో పొయ్యి మండుతోంది. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నది అక్క కాదు, అక్క కొడుకు భార్య అక్షత. హనుమక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ చేతిలో ఫోను. కుడిచెయ్యి ఒళ్లో ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా.

సుజాతమ్మ గడపలోనే ఆగిపోయింది.

"మూడేండ్లాయెలే" అంది హనుమక్క. "ఒక దినం పొద్దున్నే లేస్తే ఈ చెయ్యి నా మాట వినలేదు. మాటా పోయింటే, అది మాత్రం వచ్చేసింది. లోపలికి రా, వాకిట్లో ఏం పని?"

"నా ఒట్టే అక్కా!" సుజాతమ్మ కుర్చీ కాళ్ల దగ్గర కూలబడింది. "నేను తింటి, నీకు తగిలె! నేనే చేసినా!"

"సుమ్మనుండవే, ఏడుపు ఆపు! లెక్క తెలీదా నీకు? నువ్వు చింతామణిలో ఉన్నప్పుడే పాయె ఇది. నువ్వు ఈ ఊరొచ్చినాక తినిందంతా అక్షత చేతిది. నేను ఈడ కూర్చోని ఉప్పు చాలదు, కారం చాలదు అని అరుస్తా, అంతే. గింజలు మాత్రం ఎడంచేత్తో నేనే ఏరిపెడతా ఉంటి."

సుజాతమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అదే చెయ్యి, రవ్వంత కూడా మారలేదని కళ్లు మూసుకుని మింగిన ముద్దలన్నీ అక్క చేతివి కావు. ఏడేళ్ల కిందట ఆ రోజు పొద్దున అక్క పంపితే తిన్నదే ఆఖరి ముద్ద. ఆ ముద్ద ఎలా ఉందో కూడా గుర్తులేదు, కోపంలో తింది. ఒట్టు అక్షరాలా నిలబెట్టుకుంది మహాతల్లి! ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ ఒట్టు తప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి ఆనించుకుంది. చల్లగా ఉంది.

"ఇంక చాలు లే" అంది హనుమక్క. ఆమె కళ్లూ నిండి ఉన్నాయి. "నా చేతిది తిననని నువ్వంటివి. నీ చేతిది తిననని నేనేమన్నా అంటినా? నాకు ఆకలైతాంది."

అక్షత కంచం తెచ్చి సుజాతమ్మ ముందు పెడుతూ మెల్లగా చెప్పింది. "చెయ్యి పోయినప్పటి నుంచి అత్త సంగటి ముట్టలేదు పిన్నమ్మా. ఎడంచేత్తో తినేది లేదంటుంది. నేను పెడతానంటే వద్దంటుంది. చెంచాతో అన్నం తింటుంది, అంతే."

సంగటి అమ్మే మనిషి, దినమంతా సంగటి వాసనలో కూర్చుని మూడేళ్లుగా చెంచాతో అన్నం తింటోంది. సుజాతమ్మ చెయ్యి కడుక్కుంది. సంగటి తుంచి, సారులో ముంచి, అక్క నోటికి అందించింది. హనుమక్క కళ్లు మూసుకుని మింగింది. చాలాసేపు కళ్లు తెరవలేదు.

"చిన్నది చెయ్యే" అంది చివరికి. "గొంతు పట్టల్ల గదా?"

ఈసారి చిన్నది చేసింది. ఇంకోటి, ఇంకోటి పెట్టింది. అంతలో హనుమక్క ఒళ్లో ఫోను మోగింది. అక్షత చేతులు పిండిలో ఉన్నాయి. హనుమక్క నోరు నిండుగా ఉంది. ఆమె కళ్లతోనే చెల్లెలికి ఫోను చూపించింది.

సుజాతమ్మ ఎడమ చేత్తో ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎవురమ్మా, కొత్త గొంతు?" అన్నారు అటునుంచి.

"నేను హనుమక్క చెల్లెల్నప్పా, సుజాతను" అంది. "చెప్పండి, ఏం కట్టల్ల?"